సూటిగా మెయిలు రాసేవాళ్లతో జాగ్రత్త

ఆఫీసు మెయిళ్లు క్లుప్తంగా, స్పష్టంగా ఉండాలని కొందరు పనిగట్టుకుని ప్రచారం చేస్తున్నారు. ఇది నేరుగా ఉద్యోగ భద్రత మీద దాడి. మెయిలు చదవగానే అర్థమైపోతే, అర్థం చేసుకోవడానికి పెట్టే మీటింగు ఏం కావాలి? ఆ మీటింగు మినిట్స్ రాసేవాడి గతేంటి?

ముందు సబ్జెక్ట్ లైను. 'అర్జెంట్' అనో 'చిన్న డౌట్' అనో రాసి ఊరుకోవడం పెద్దమనిషి తరహా. కిట్టనివాళ్లు 'కూకట్‌పల్లి గోడౌన్ అద్దె: గురువారంలోగా మీ సంతకం' అని రాస్తారు. ఫోన్ తెర మీద సబ్జెక్టులో మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి. అవి చూసే పని అయిపోతే, లోపల మనం చెక్కిన ఐదు పేరాలు ఎవరు చదవాలి? కొత్త సంగతికైనా సరే, మార్చిలో మొదలైన జీఎస్టీ మెయిలుకే రిప్లై కొట్టండి. అద్దె సంగతి కావలసినవాడు అక్టోబరులో ఆ జీఎస్టీనంతా తవ్వుకుంటాడు.

మన తాతలు 'ఉభయకుశలోపరి' అని ఒక్క మాటతో రెండిళ్ల క్షేమసమాచారాలూ తేల్చేసి విషయంలోకి దిగేవారు. పాపం, పోస్టుకార్డులో చోటు చాలదు, టెలిగ్రాములో మాటకింతని లెక్క. 2013 జులైలో ఆ టెలిగ్రామూ పోయింది. ఇప్పుడు మాటకు పైసా ఖర్చు లేదు కనుక చారాణా కోడికి బారాణా మసాలా వేసుకోవచ్చు.

అసలు అడగాల్సింది ఐదో పేరాలో, రెండు కామాల మధ్య దాచాలి. ప్రశ్నలు మూడుంటే మూడూ ఒకే వాక్యంలో కుక్కాలి. మొదటిదానికే జవాబొస్తుంది. మిగతా రెంటికీ రాదు కాబట్టే 'జెంటిల్ రిమైండర్' అనే ప్రక్రియ బతికి ఉంది. 1, 2, 3 అని విడివిడిగా అంకెలేశారో, అవతలివాడు ఒక్కోదాని కిందా ఒక్కో ముక్క గిలికి పంపేస్తాడు. కథ కంచికి.

గడువుకు 'ఈఓడీ'ని (ఎండ్ ఆఫ్ డే) మించింది లేదు. ఎవరి రోజు ముగిసేసరికి అన్నది చెప్పకండి. హైదరాబాదులో సాయంత్రం 6 అయ్యేసరికి న్యూజెర్సీలో వేసవిలో పొద్దున 8:30, చలికాలంలో 7:30. వాళ్లకు రోజింకా మొదలే కాలేదు, మనకు క్యాబ్ వచ్చేసింది. ఇద్దరిదీ తప్పు కాదు.

'టు'లో ఒక్కరి పేరే పెడితే పని ఆయన మెడకు చుట్టుకుంటుంది. ఆరుగురిని పెట్టండి. పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా? సీసీ (కార్బన్ కాపీ) అంటే సాక్షి సంతకాలు. కార్బన్ పేపరు రోజుల్లో నాలుగైదు కాపీలు దాటితే అక్షరాలు అలికినట్టుండేవి, సాక్షులకు ఓ హద్దుండేది. ఇప్పుడు ఆ బెడద లేదు. బీసీసీలో, మిగతావాళ్లకు పేరు కనబడకుండా, చాటుగా కూర్చోబెట్టినాయన 'రిప్లై ఆల్' నొక్కి తనంతట తానే బయటపడే ఘట్టం మాత్రం ఏ నాటకంలోనూ దొరకదు.

'ఫైలు జతచేశాను' అని రాసి జతచేయకపోవడం పాత సంప్రదాయం. ముందు ఫైలు తగిలించి, తర్వాత విషయం రాసి, అడ్రసు ఆఖరున వేసేవాళ్లకు ఈ భాగ్యం దక్కదు. జీమెయిల్‌లో పంపిన మెయిలును వెనక్కి లాక్కునే వ్యవధిని సెట్టింగుల్లో 5 సెకన్ల నుంచి 30 దాకా పెంచుకోవచ్చు. పెంచుకోకండి, థ్రిల్లు పోతుంది.

ఇక ఈ ప్రమాదకరమైన నమూనా చూడండి: 'రావు గారూ, గోడౌన్ అద్దె ఒప్పందం జతచేశాను. 3వ పేజీలో మీ సంతకం కావాలి. గురువారం సాయంత్రం 5లోగా పంపండి. దాటితే ఓనరు పాత అద్దెకు ఇవ్వనంటున్నారు.'

ఏం కావాలో, ఎవరు చెయ్యాలో, ఎప్పటికో, చెయ్యకపోతే ఏమవుతుందో నాలుగు ముక్కల్లో తేలిపోయింది. రావు గారికి తప్పించుకునే సందేది? ఆయన పది నిమిషాల్లో సంతకం పెట్టి పంపేస్తే, గురువారం 11 గంటల మీటింగు కోసం చెప్పిన సమోసాలకు బాధ్యులెవరు?