హద్దు ముందే రాసుకోవాలి

పర్యావరణ, సముద్ర ప్రణాళికల్లో 'తేరుకునే శక్తి' (దెబ్బతిన్నా మళ్లీ కోలుకునే గుణం) ప్రస్తావన లేనిదంటూ ఇప్పుడు దాదాపు లేదు. లక్ష్యాల పేజీలో అది ఘనంగానే ఉంటుంది. లైసెన్సు షరతుల్లో, సర్వే షెడ్యూల్లో, బడ్జెట్ పద్దుల్లో వెతికితే మాత్రం కనిపించదు. విపత్తు వచ్చినరోజు అధికారి చేతిలో పనికొచ్చేవి ఆ షరతులూ పద్దులే.

కరీబియన్ దీవి జమైకా పగడపు దిబ్బల అనుభవం చూడండి. 1977లో అక్కడ దిబ్బల ఉపరితలంలో సజీవ పగడాలు పరుచుకున్నది 52 శాతం. పైకి అంతా బాగున్నట్టే. నాచును మేసే చేపలు మాత్రం అప్పటికే వేటకు తరిగిపోయాయి. ఆ పని పొడవాటి ముళ్లుండే గుండ్రటి సముద్రజీవులు, సీ అర్చిన్ల మీదే పడింది. 1980లో అలెన్ హరికేన్ పగడాలను విరగ్గొట్టినా, అవి మళ్లీ మొలకెత్తసాగాయి. 1983లో వ్యాధి సోకి సీ అర్చిన్లు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. మేసే దిక్కులేక నాచు కమ్మేసింది. 1990ల ఆరంభానికి మిగిలిన పగడాలు 3 శాతం. పగడాల శాతం ఒక్కటే కొలిస్తే ఈ ప్రమాదం పట్టుబడదు. నాచు ఎంత పరుచుకుంది, దాన్ని మేసే జాతులెన్ని, వాటి సైజెంత అన్నవీ సర్వే పట్టికలోకి రావాలి.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కొలతే తప్పుదారి పట్టించింది. మిగిలిన కాడ్ చేపలు ఒకేచోట గుమిగూడడంతో ట్రాలర్లకు (పెద్ద వలలు ఈడ్చే వేట ఓడలకు) వలవేసినప్పుడల్లా బాగానే పడేవి. చేపలు చిన్నవవుతున్నాయని ఒడ్డు దగ్గరి జాలర్లు మొత్తుకున్నా పట్టించుకోలేదు. 1992 జులైలో వేట నిషేధించాల్సి వచ్చింది. సుమారు 30 వేల మంది ఉపాధి పోయింది. ట్రాలర్ల లెక్క, స్వతంత్ర సర్వే, జాలర్ల మాట పొసగకపోతే, తేలేదాకా తక్కువ అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

కొలత ఏ అంకెకు చేరితే కదలాలో చెప్పే గీతే హద్దు. ప్రతి హద్దుకూ ఒక చర్య, ఒక బాధ్యుడు, ఒక గడువు జతచేయాలి. పగడాలకు వేడి దెబ్బను అంచనా వేసే కొలత 'డిగ్రీ హీటింగ్ వీక్స్'. ఇది గత 12 వారాల్లో ఆ చోటి మామూలు వేసవి గరిష్ఠాన్ని మించి పేరుకున్న వేడిని లెక్కిస్తుంది. 4కు చేరితే పగడాలు తెల్లబారే ముప్పు, 8కి చేరితే దిబ్బంతా తెల్లబారి, వేడికి తట్టుకోలేని పగడాలు చనిపోయే ముప్పు. 4 దాటగానే దిబ్బల దగ్గర డ్రెడ్జింగ్ (సముద్రపు అడుగున పూడిక తవ్వడం) ఆగాలి, ముందే కేటాయించిన నిధితో సర్వే బృందం దిగాలి. 8 దాటితే నాచు మేసే చేపల వేట, లంగరు వేయడం మూతపడాలి. ఇందుకు మరో సమావేశం అక్కర్లేకుండా ఉత్తర్వు ముందే సంతకమై ఉండాలి.

ఎక్కువచోట్ల బెడిసికొట్టేది ఇక్కడే. అంకె హద్దుకు చేరువవుతుంటే ఒత్తిడి పెరిగి, హద్దునే జరిపేస్తారు. సీజన్ మధ్యలో మార్చకూడదన్న నిబంధనతోపాటు, పని కోల్పోయే జాలర్లకు వెంటనే అందే పరిహార నిధి కూడా కావాలి. అదిలేని మూసివేత అన్యాయం, అమలూ కాదు.

ఆస్ట్రేలియా తీరపు పగడపు దిబ్బల వరుస గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో 2004లో వేట నిషిద్ధ ప్రాంతాన్ని 5 శాతంలోపు నుంచి 33 శాతానికి పెంచారు. ఒక్కోరకం జీవజాలం ఉండే 70 ప్రాంతాల్లో ప్రతిదానిలోనూ కనీసం 20 శాతానికి రక్షణ ఇచ్చారు. ఒకచోట దెబ్బతిన్నా మరోచోటి నుంచి లార్వాలు (నీటిలో కొట్టుకొచ్చే పిల్లజీవులు) చేరే వీలుంటుంది. సరైన పనే. కానీ పగడాలను తెల్లబార్చిన 2016, 2017 సముద్రపు వేడిని మ్యాపు మీది ఆ గీతలు ఆపలేదు. పరిస్థితి మారితే పాత షరతులు చాలవు. అందుకే దశాబ్దాలపాటు చెల్లే ఓడరేవు, డ్రెడ్జింగ్ అనుమతులన్నిటిలో ఐదేళ్లకోసారి షరతులు తిరగరాసే అధికారాన్ని ఇప్పుడే చేర్చాలి.