'బ్రేక్‌ఫాస్ట్ ఇంక్లూడెడ్' గారికి ఒక ఖాళీ కడుపు ఉత్తరం

మహారాజశ్రీ బ్రేక్‌ఫాస్ట్ ఇంక్లూడెడ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలం గురించి అడగను. రోజూ పొద్దున మా ఆవిడ మీ ఫోటోలు వాట్సాప్‌లో పంపుతూనే ఉంది. నిండుగా, కళకళలాడుతూ ఉన్నారు. నా సంగతే చెప్పుకోవాలి.

నిన్న చెక్ అవుట్ దగ్గర చేతికిచ్చిన బిల్లులో "బ్రేక్‌ఫాస్ట్ బాక్సులు, అదనం" అని ఒక లైను కనబడింది. దానికి కాస్త పైన, అదే కాగితం మీద, మీ శుభనామం ఉంది. ఇంక్లూడ్ అయినదాన్ని నేను తినలేదు. తిన్నదేమో ఇంక్లూడ్ కాలేదు. కౌంటర్‌లో అమ్మాయి రెండు చేతులూ జోడించి, తల వంచి, చిరునవ్వుతో కార్డు మెషీన్ నా ముందుకు జరిపింది. అంత మర్యాదగా జేబు కొట్టించుకోవడం నాకు అదే మొదలు.

గోల్ఫ్ ప్యాకేజీ మీద వెళ్లొచ్చిన వాళ్లకి మీ గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ మీకే మీ గురించి తెలిసినట్టు లేదు. అందుకని లెక్క మళ్లీ చెబుతాను.

థాయ్‌లాండ్‌లోని బీచ్ ఊరు హువా హిన్‌లో మీ రిసార్ట్ గోల్ఫ్ డెస్క్ మాకు బుక్ చేసిన టీ టైమ్, అంటే తాగే టీ కాదు, ఆట మొదలుపెట్టే వేళ, ఉదయం 6:30. అంత పొద్దున్నే ఎందుకంటే అక్కడి ఎండ అలాంటిది, పది దాటితే ఫెయిర్‌వే గడ్డి మీద నిలబడలేం. సరే, న్యాయమే. 18 హోల్స్ ఆడటానికి, అంటే బంతిని పద్దెనిమిది గుంటల్లో వేయడానికి, నాలుగు, నాలుగున్నర గంటలు. బంకర్లతో, అంటే ఇసుక గుంటలతో, మాకున్న అనుబంధం దృష్ట్యా ఇంకాస్త ఎక్కువే. అంటే పదకొండు దాటుతుంది. మరి మీ దర్శనం వేళలు? ఏడు నుంచి పదిన్నర. ఆరింటికి మేం వ్యాన్ ఎక్కేటప్పటికి మీ తలుపులు ఇంకా తెరుచుకోవు. పదకొండున్నరకి తిరిగొచ్చేసరికి మీ టేబుళ్లు తుడిచి, పూలకుండీలు సర్ది, లంచ్ మెనూలు పరిచేసి ఉంటాయి. టీ టైమ్ పెట్టిందీ మీ వాళ్లే. బఫే టైమ్ పెట్టిందీ మీ వాళ్లే. ఆ ఇద్దరూ ఒకే లాబీలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుంటారు. ఒక్కసారైనా ఒకరి కాగితం ఒకరు చూసుకున్నారా?

గోల్ఫ్ ఆడేవాడికి, గోల్ఫ్ ఆడితే తినడం కుదరని టిఫిన్ అమ్మడానికి తెలివి కావాలి. అది మీకుంది, ఒప్పుకుంటున్నాను.

పోనీ అది ఆలస్యంగా లేచే ఊరా అంటే కాదు. వ్యాన్ కిటికీలోంచి చూస్తే ఊరంతా తింటూనే ఉంది. కాషాయం కట్టిన బౌద్ధ భిక్షువులు భిక్షాపాత్రలు పట్టుకుని వరసగా నడుస్తుంటే ఇళ్లవాళ్లు చెప్పులు విడిచి, వేడివేడి అన్నం వడ్డిస్తున్నారు. సందు మొదట్లో పెద్ద మూకుట్లో పాతోంగ్‌కో అనే వేయించిన పిండివంట పొంగుతోంది, పక్కన సోయా పాలు కాగుతున్నాయి. మోటార్ సైకిల్ టాక్సీ కుర్రాళ్లు నిలబడే గంజి తాగేస్తున్నారు. ప్రాపంచిక సుఖాలన్నీ వదులుకున్నవాళ్లకి ఆరింటికే టిఫిన్ అందుతోంది. ఆ సుఖాల కోసమే అప్పుచేసి వచ్చిన నేను మాత్రం ఏసీ వ్యాన్‌లో గుటకలు మింగుతూ కూర్చున్నాను. మన హైదరాబాద్‌లో తెల్లవారుజామున మూడింటికే పెనం మీద దోసె పోసే బండ్లున్నాయి. వాటికి ఇన్ఫినిటీ పూల్ లేదు, స్టార్లు లేవు. ఆకలికి గడియారం చూపించకూడదన్న ఇంగితం మాత్రం ఉంది.

మీ తరఫున ఒక బాక్స్ వస్తుందన్నారు. దానికి ముందురోజు రాత్రి ఎనిమిదిలోగా ఒక ఫారం నింపాలి. నింపాం. తెల్లారి గోధుమరంగు అట్టపెట్టె, దానికి జనపనార రిబ్బన్, రిబ్బన్‌లో గుచ్చిన ఒక పువ్వు, తామరాకు బొమ్మ వేసిన కార్డు మీద "మీ ఆట అద్భుతంగా సాగాలి" అని ముత్యాల్లాంటి అక్షరాలు. ఎంత సొగసో! విప్పితే ఫ్రిజ్‌లోంచి తీసిన హ్యామ్ (పందిమాంసం) శాండ్‌విచ్, పచ్చ ఆపిల్, స్పూను లేని పెరుగు కప్పు. మాతో వచ్చిన డాక్టరుగారు శాకాహారి. ఫారంలో ఆ సంగతి రెండు చోట్ల రాశారు కూడా. ఆయన పెట్టెలో మీవాళ్లు అదే శాండ్‌విచ్‌లోంచి హ్యామ్ తీసేసి పంపారు. బ్రెడ్డు మీద దాని అచ్చు గులాబీరంగులో అలాగే ఉంది. ఆయన చాలాసేపు దాన్ని ఎక్స్‌రే చూసినట్టు చూసి, మూత పెట్టేసి, ఆపిల్ కొరికారు. నిన్నటి బిల్లులో అదనం అన్నది ఈ పెట్టెకే.

ఇక ఫోటోల సంగతి. మా ఆవిడ గోల్ఫ్ ఆడదు. కాబట్టి మీరు ఆవిడకి పూర్తిగా, అక్షరాలా ఇంక్లూడెడ్. మొదటి రోజు నేను నాలుగో హోల్ దగ్గర గడ్డిలో బంతి వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. పసుపుపచ్చ మామిడి ముక్కలు, పక్కన కొబ్బరిపాలలో మగ్గిన జిగురు అన్నం. కింద "నీ వాటా కూడా తినేస్తున్నా" అని. నీటి పక్కన పట్ (బంతిని గుంటలోకి నెట్టే చిన్న దెబ్బ) కొట్టబోతుంటే రెండో ఫోటో, ఆమ్లెట్ వేసే చెఫ్ పొడుగుటోపీతో సహా. ఆ పట్ ఎటు పోయిందో చెప్పను. మర్నాడు మూడో ఫోటో వచ్చింది, దాంతో నా ఆట అక్కడే ముగిసింది. గుంటలు గుంటలుగా ఉన్న పెనం, అందులో పొంగుతున్న తెల్లటి పిండి, పైన ఉల్లికాడలు. "ఇక్కడ కూడా గుంటపొంగనాలు వేస్తారు తెలుసా!" అని రాసింది. వాటి పేరు ఖనోమ్ క్రోక్ అట. బియ్యప్పిండి, కొబ్బరిపాలు. పైన కరకర, లోపల మెత్తగా, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయట. అంత వివరంగా ఎవరు చెప్పమన్నారు ఆవిణ్ని?

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

ఆ ఖనోమ్ క్రోక్ కోసం మేం చేయని ప్రయత్నం లేదు. మా ఆవిడ నాలుగు టిష్యూలో చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకోబోతే మీ కుర్రాడు చేతులు జోడించి "బయటికి తీసుకెళ్లకూడదు మేడమ్" అన్నాడు. పోనీ బయటినుంచి తెచ్చుకుందామంటే, గదిలోకి బయటి తిండి తేకూడదని ఘాటు వాసన దురియన్ పండు బొమ్మ మీద ఎర్ర గీత కొట్టి మరీ బోర్డు పెట్టారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. ఒకరోజు ఇంకా కొన్ని హోల్స్ మిగిలుండగానే ఆట ఆపేసి, స్పైకు బూట్లతోనే లాబీలో పరుగెత్తాను. మీ గుమ్మం దగ్గరికి చేరేసరికి 10:34. లోపల ఆ గుంటల పెనం ఇంకా పొయ్యి మీదే ఉంది. అందులో నాలుగు మిగిలి ఉన్నాయి కూడా. మీవాళ్లు వాటిని నా కళ్లముందే ట్రేలోకి దులిపి, ట్రేని లోపలికి తీసుకుపోయారు. నవ్వుతూ.

గోల్ఫ్ అంటేనే కనికరం లేని ఆట. అందులో కూడా పోయిన బంతిని వెతుక్కోవడానికి మూడు నిమిషాలు ఇస్తారు. 2019కి ముందైతే ఐదు ఇచ్చేవారు. మీ రూల్‌బుక్‌లో ఆకలేసినవాడికి ఒక్క నిమిషం కూడా లేదు.

మిగతా విషయాల మీద పెద్దగా ఫిర్యాదు లేదు. దిగగానే శంఖపుష్పాల షర్బత్ ఇచ్చారు, నిమ్మరసం పిండితే నీలం కాస్తా ఊదారంగుకి మారింది, బాగుంది. బాత్‌రూమ్‌కి పైకప్పు లేదు, కప్పలున్నాయి, అదీ ఒక అనుభవమే. గోల్ఫ్ ప్యాకేజీకి ఇచ్చిన గదిలో గోల్ఫ్ బ్యాగు పెట్టే చోటు లేదు, అది మా ఇద్దరి మధ్యా పడుకుంది. "సీ వ్యూ" అంటే బాల్కనీ చివర ఒంటికాలి మీద నిలబడితే కనిపించే సముద్రం అని తెలుసుకున్నాను. బీచ్‌లో అద్దె గుర్రాలు మాత్రం చక్కగా, పుష్టిగా ఉన్నాయి, వాటి దాణా వేళలు ఎవరో బాగానే చూస్తున్నారు. అన్నట్టు, గదిలో దిండ్లకి మెనూ ఉంది. దూది దిండు, ఈకల దిండు, బూరుగుదూది దిండు, మెడనొప్పివాళ్ల దిండు. రాత్రి ఏ వేళకి ఫోన్ చేసినా తెచ్చిస్తారట. 24 గంటలూ దిండు దొరికే చోట పొద్దున ఆరింటికి రెండు ఇడ్లీలంత తిండి దొరకదు.

ఆ ఊరి గోల్ఫ్ కథ చదివితే ఒళ్లు మండుతుంది. రైలు దారి వేసినవాళ్లే అక్కడ స్టేషన్ పక్కన కోర్సు వేశారు, రాయల్ హువా హిన్, 1924లో. థాయ్‌లాండ్‌లో మొదటి పెద్ద గోల్ఫ్ కోర్సు అదే. దానికి కాస్త ముందే రైల్వేవాళ్లు సముద్రం ఒడ్డున హోటల్ కట్టారు. అంటే బీచ్‌లో బస, పక్కనే గోల్ఫ్ అనే ఈ వ్యాపారం ఆ ఊరికి నిన్నమొన్నటిది కాదు, వందేళ్లది. ఏడో రామా రాజు ప్రజాధిపోక్ కూడా అక్కడే ఆడేవాడు. 1932 జూన్ 24న బ్యాంకాక్‌లో తిరుగుబాటు జరిగి రాజుల నిరంకుశ పాలన ముగిసిన వేళ, ఆయన హువా హిన్‌లో తన ప్యాలెస్ దగ్గర గోల్ఫ్ ఆడుతున్నాడు. ఆట మధ్యలో అధికారం పోయింది పాపం. అయినా ఆయన టిఫిన్ చేసే ఆటకి దిగి ఉంటాడని నా గట్టి నమ్మకం. ప్యాలెస్‌లో బఫే టైమింగ్స్ బోర్డు ఉండదు కదా. వందేళ్ల అనుభవం ఉన్న ఊళ్లో, గోల్ఫ్ ఆడేవాడు పొద్దున్నే లేస్తాడన్న సంగతి మీ ఒక్కరి చెవినే ఎందుకు పడలేదు?

మీరు పెట్టకపోయినా నేను పస్తులైతే లేను. అక్కడ ప్రతి ఆటగాడికీ బ్యాగు మోసే ఒక క్యాడీ తప్పనిసరి. నాకు వచ్చినావిడ యాభై దాటిన మనిషి, చేతులు పూర్తిగా కప్పిన చొక్కా, మెడ దాకా గుడ్డ వేలాడే టోపీ, ఎండలో కళ్లు మాత్రం నవ్వుతుంటాయి. నా మొదటి దెబ్బ (డ్రైవ్) ఎటు పోయినా "గుడ్ షాట్ సర్" అనే గొప్ప మనసు. రెండో రోజు నా కడుపు చేసిన చప్పుడు ఆవిడకి వినబడింది. నేను ఫోన్‌లో గుంటపొంగనాల ఫోటో చూపించి కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున ఆట మొదలయ్యే చోట నా బ్యాగు పక్కన ఒక పొట్లం ఉంది. మార్కెట్‌లో కొనుక్కొచ్చింది. ఇంకా పొగలు కక్కుతున్నాయి. డాక్టరుగారి కోసం విడిగా మరో పొట్లం. "జే" అని వేలు చూపించింది. అలా అంటే మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరని డాక్టరుగారికి అప్పుడే తెలిసింది. ఫారంలో రెండు చోట్ల రాసినా మీకు అర్థం కానిది ఆవిడకి ఒక్క సైగతో అర్థమైంది. డబ్బులివ్వబోతే తల అడ్డంగా ఊపింది. ఆట అయ్యాక టిప్పులో కలిపి ఇచ్చాను, అప్పుడు తీసుకుంది. ఆ రోజు మొదటి హోల్‌లో పార్ కొట్టాను, అంటే లెక్క ప్రకారం ఎన్ని దెబ్బలో అన్నిటితోనే బంతి గుంటలో పడింది. సాక్షులున్నారు.

ఇక మర్యాదలు చాలు. రోజంతా ఎండలో బ్యాగులు లాగే ఒక క్యాడీ తన సొంత డబ్బుతో తెచ్చి పెట్టగలిగింది, నా డబ్బు ముందే గుంజుకున్న మీరు పెట్టలేకపోయారు. కుదరక కాదు, మీకు పట్టదు కాబట్టి. మేం తినం అని మీకు ముందే తెలుసు. తినని ప్లేట్ల మీదే మీ లాభం. అందుకే బఫే ఏడింటికి తెరుస్తారు. అందుకే మీ పేరు వోచర్‌లో అంత లావు అక్షరాల్లో ఉంటుంది. దీన్ని హాస్పిటాలిటీ అంటే ఒప్పుకోను. మా పల్లెలో పెళ్లి భోజనాల దగ్గర ఇలా చేస్తే వంటవాణ్ని చెట్టుకి కట్టేసేవాళ్లు.

రెండే రెండు కోరికలు. గోల్ఫ్ ప్యాకేజీ అమ్మితే అయిదున్నరకి పొయ్యి వెలిగించండి. నాకు ఆమ్లెట్ చెఫ్ అక్కర్లేదు, పువ్వులక్కర్లేదు, కార్డు మీద శుభాకాంక్షలు అసలే అక్కర్లేదు. ఆ గుంటల పెనం ఒక్కటి చాలు. అది చేతకాకపోతే మా వోచర్లలోంచి మీ పేరు తీసేసి, ఆ సొమ్ము తగ్గించండి, సందు చివర పాతోంగ్‌కో బండి దగ్గర మేం రాజాల్లా తింటాం.

మా ఆవిడ వోచర్ జోలికి మాత్రం వెళ్లకండి. ఆవిడ వచ్చే ఏడు కూడా మీ దగ్గరికే అంటోంది. రివ్యూలో అయిదు స్టార్లు కూడా ఇచ్చేసిందట, నన్ను అడక్కుండానే.

ఇట్లు,
హ్యాండికాప్ 24 (అంటే అంతంతమాత్రం ఆటగాడు),
రూమ్ సర్వీస్ బిల్లు వేరే