38 డిగ్రీల మర్యాద

సంక్రాంతికి కొత్త అల్లుడొస్తే మా పడమటి డెల్టాలో విస్తరి లెక్క ఊరంతా చెప్పుకుంటారు. ఎన్ని రకాలు వడ్డించారు, పూతరేకులు ఆత్రేయపురం నుంచే తెప్పించారా, మధ్యలో ఏదైనా తగ్గిందా అని. అల్లుడు స్నానం ఎలా చేశాడన్నది మాత్రం ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. ఆ లోటు మా బావ తీర్చాడు.

బావకి పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పంట కలిసొచ్చి కార్తీకంలో కొత్తింట్లో పాలు పొంగించాడు. కింద ఒక గదికి ఆనుకుని అల్లుడికని ప్రత్యేకంగా బాత్రూం కట్టించి, పండగదాకా తాళం వేసి ఉంచాడు. మా అక్కని కూడా అందులో కాలు పెట్టనివ్వలేదు. భీమవరం వెళ్లి ఒక షవర్ మిక్సర్ తెచ్చాడు. ధర చెప్పలేదు గానీ, బిల్లు మడతపెట్టి జేబులో తోసుకున్న తీరు చూస్తే అర్థమైంది.

"మామూలు మిక్సర్ కాదోయ్. దీనికి బుర్రుంది" అన్నాడు.

నిజంగానే ఉంది. లోపల చిటికెన వేలంత డబ్బీ, అందులో మైనం. నీళ్లు వేడెక్కితే మైనం ఉబ్బి ఒక చిన్న పిస్టన్‌ని నెడుతుంది, వేడినీళ్ల దారి ఇరుకవుతుంది. చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తుంది, దారి మళ్లీ తెరుచుకుంటుంది. పిడి 38 డిగ్రీల దగ్గర పెట్టి నిలబడితే చాలు, వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి తొరిపే పని అదే చూసుకుంటుంది. 38 దాటాలంటే పిడి మీదున్న ఎర్ర మీట నొక్కి మరీ తిప్పాలి, తెలియక ఒళ్లు కాల్చుకోకుండా అన్నమాట.

భోగి రోజు తెల్లవారుజామున మంట వేశాక అల్లుడిగారికి నువ్వులనూనె అంటి, సున్నిపిండి నలిచి, తలకి కుంకుడు రసం పోసి లోపలికి పంపారు. గుమ్మం బయట బావ, అక్క, నేను. అత్తయ్యగారు, అంటే బావ వాళ్లమ్మ, అరుగు మీద కూచున్నారు.

ముందు షవరు చప్పుడు. తరవాత "హుఁ" అని గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు. కాసేపటికి "ఆఁ!" అన్న కేక. ఆ తరవాత గోడకి మోచెయ్యి తగిలిన చప్పుడు.

"నీళ్లెలా ఉన్నాయి బాబూ?" అన్నాడు బావ.

"బావున్నాయండీ మావయ్యగారూ."

తలుపు తీసుకుని బయటికొస్తే ఎడం భుజం ఎర్రగా కందిపోయి ఉంది, పళ్లు టకటకలాడుతున్నాయి. రెండూ ఒకే మనిషికి ఒకేసారి ఎలా సాధ్యమో నాకు అంతుపట్టలేదు. చెవి వెనకాల సున్నిపిండి అలాగే ఉంది. కుంకుడు రసం కళ్లలో పడి కళ్లు దొండపళ్లయ్యాయి. మా మేనకోడలు గబగబా తువ్వాలు అందించి, వాళ్ల నాన్న వంక ఒక చూపు చూసింది.

ఆ పూట అల్లుడు గారు రెండు గారెలు తిని చెయ్యి కడిగేసుకున్నారు. బావకి గుండె జారింది. "ఒక్క రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే రొయ్య మేత మానేస్తుంది. ఈయన మనిషి, మానెయ్యడా?" అని చెరువు దగ్గర్నుంచి థర్మామీటర్ తెప్పించాడు. తెల్లారగట్ల నీళ్లలో ప్రాణవాయువు అడుగంటుతుందని రాత్రంతా ఏరేటర్లు తిప్పించి కాపలా కాసే మనిషికి ఇదో లెక్కా? థర్మామీటర్‌కి దారం కట్టి షవరు కింద వేలాడదీశాడు. పిడి 38 మీద పెడితే పాదరసం 22 దగ్గర నిలబడిపోయింది. వేడి చాలలేదు కదా అని మీట నొక్కి ఎరుపు వైపు తిప్పితే పాదరసం కదల్లేదు. విసుగొచ్చి నీలం వైపు తిప్పాడు. చూస్తుండగానే 40, 50, 55. దారం వదిలేసి వెనక్కి గెంతాడు.

ఇక ఇంటిల్లిపాదీ ప్లంబర్లే. పక్కింటాయన గీజర్‌లో థర్మోస్టాట్ పోయిందన్నాడు. బోరు నీళ్లలో ఉప్పుంది కాబట్టి లోపల సున్నం పేరుకుందని షాపువాడు ఫోన్‌లో చెప్పి, మిక్సర్‌లోని జల్లెడలు విప్పి వెనిగర్‌లో నానబెట్టమన్నాడు. పండగ పూట వెనిగర్ ఎక్కడ దొరుకుతుంది? అక్క చింతపండు పిసికి గిన్నెలో పోస్తే అందులోనే నానేశారు. జల్లెడలు రాగిచెంబుల్లా మెరిశాయి. జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఎదురింటి మేష్టారు ప్రెషర్ మీద పడ్డారు. నీటిమట్టం పది మీటర్ల ఎత్తున ఉంటేగానీ చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఒత్తిడి రాదట. మన ట్యాంకు షవరు మీద రెండు మీటర్లు కూడా లేదు, అంటే అయిదో వంతు కూడా రాదు. "1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాటన్ దొర మోటారన్నది లేకుండా వాలు మీదే మన నరసాపురం దాకా నీళ్లు పంపాడయ్యా. నువ్వు మేడ మీంచి కిందికి పంపలేకపోతున్నావు" అన్నారు. బావ ఆ మాటకి నొచ్చుకున్నాడు గానీ, మేష్టారి లెక్కలో తప్పు లేదు. వంటింట్లో పంపు తిప్పినా షవరు సన్నబడిపోతోంది. కానీ ప్రెషర్ తక్కువైతే ధార సన్నబడాలి, ఎరుపు వైపు తిప్పితే చన్నీళ్లు ఎందుకొస్తాయి? ఈ మాట నేను అంటే ఎవరూ వినలేదు. బావమరిది మాటకి ఉండే విలువ అంతే.

ముక్కనుమ నాటికి గానీ ప్లంబర్ దొరకలేదు. వచ్చి మిక్సర్ వంక చాలాసేపు చూసి, "లోపలి డబ్బీ, అదే కార్ట్రిడ్జ్, పోయిందండి ఆయ్" అన్నాడు. అప్పటిదాకా మాట్లాడని అత్తయ్యగారు లేచొచ్చి, పమిట చెంగు చేతికి చుట్టుకుని మిక్సర్‌కి గోడలోంచి వచ్చే రెండు కాళ్లనీ పట్టుకు చూశారు. "ఎర్ర చుక్క ఈ పక్కనుంది. కాలేది ఆ పక్కరా" అన్నారు.

ఈ రకం మిక్సర్‌కి వేడినీళ్లు ఎడమ నుంచి రావాలి. మామూలు పంపులకైతే ఎటునుంచి వచ్చినా పట్టింపు లేదు. ఇది బుర్రున్నది కదా, దానికుంది. నీళ్లు వేడెక్కగానే మైనం ఉబ్బి వేడి దారి అనుకుని చన్నీళ్ల దారి మూస్తోంది. దాంతో ఇంకా వేడెక్కుతోంది, ఇంకా మూస్తోంది. చల్లబడితే చన్నీళ్లకే తలుపులు బార్లా తీస్తోంది. మధ్యలో నిలబడే చోటే లేదు. ఆ ఎర్ర మీట పాపం చన్నీళ్ల దగ్గర కాపలా కాస్తోంది, కాలే నీళ్లేమో నీలం వైపు నుంచి దర్జాగా వస్తున్నాయి.

బావ ప్లంబర్ వంక చూశాడు. "పైపులు వేసింది నువ్వే కదయ్యా?"

"ఆయ్. నేనేనండి. ఎడమకే వేశానండి. గోడకి బయట నిలబడి వేశానండి. అటునుంచి ఎడమేనండి."

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. టైల్స్ పగలగొట్టడానికి అక్క ఒప్పుకోలేదు. పెరటి వైపు గోడ బయట పైపులు పైకే ఉన్నాయి కాబట్టి అక్కడే కోసి, వంపులు వేసి, జిగురు రాసి అటుది ఇటు, ఇటుది అటు కలిపాడు. జిగురు ఆరేదాకా నీళ్లు వదలొద్దన్నాడు. ఆరేలోపు అల్లుడు గారు హైదరాబాద్ బస్సెక్కారు. బావ వీడియో కాల్ చేసి, షవరు కింద వేలాడే థర్మామీటర్‌ని ఫోన్‌కి ఆనించి "చూశారా, 38!" అన్నాడు. అటునుంచి "బావుందండీ మావయ్యగారూ" అని వినిపించింది. ఈసారి పళ్లు టకటకలాడలేదు.

అయితే గోడకి ఇవతల, భోజనాల గదిలో చేతులు కడిగే బేసిన్ కూడా ఆ పైపుల మీదే ఉంది. గృహప్రవేశం నుంచీ ఇంట్లో అందరికీ కుడి పంపే వేడి, ఎడమది చల్లన. ఇప్పుడది తిరగబడింది. అన్నం తిని అలవాటుగా ఎడమ పంపు తిప్పి ముందు బావ కేకేశాడు, ఆనక నేను. విసిగిపోయి అక్క ఎడమ పంపు మీద గోళ్లరంగుతో ఎర్రగా గుండ్రంగా బొట్టు పెట్టింది. మర్నాడు పేరంటానికి పిలవడానికొచ్చిన పక్కింటి పిన్నిగారు అది చూసి, కళ్లకద్దుకుని, "కుడి దానికి కూడా పెట్టాల్సిందమ్మా" అన్నారు.