చూడని పనికి సంతకం పెట్టకండి

నర్సింగ్ పిల్లలు వార్డులో చేసిన పనులు రాసుకునే ప్రొసీజర్ బుక్కుల్లో సంతకాలు పెట్టే ట్యూటర్లకూ స్టాఫ్ నర్సులకూ ఒక్క మాట. కళ్లారా చూడని పనికి సంతకం పెట్టకండి. నెల్లూరైనా ఒంగోలైనా, పోస్టింగ్ (వార్డులో శిక్షణ) ఆఖరి రోజు చాలా వార్డుల్లో ఇదే వరస: బుక్కులు దొంతరగా వస్తాయి, పది నిమిషాల్లో సంతకాలైపోతాయి. మరి అన్నాళ్లూ ఆ పిల్లలు చేసిందేంది? శాంపిళ్లు ల్యాబుకు మోయడం, స్ట్రెచర్లు తోయడం, బీపీలు రాయడం.

పదిమంది స్టూడెంట్లకు ఒక టీచర్ ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ ఒక్కరూ హాజరు వేసి కూర్చుంటే లెక్క ఉండీ లేనట్టే. స్టాఫ్ నర్సులకు తీరిక లేదన్నదీ నిజమే. అందుకే అన్నీ నేర్పమని అడగడం లేదు. డ్యూటీకి ఒక పని, ఒక్కరికి, పక్కన నిలబడి నేర్పండి చాలు.

ఇన్సులిన్‌తో మొదలుపెట్టండి. మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్ (మందు సీసా) ఉంటుంది, 100 యూనిట్లదీ ఉంటుంది. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. 40 వయల్లోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే, షుగర్ దిగదు. అదే 100 వయల్‌కు 40 సిరంజి వాడితే 20 గీత దగ్గర 50 యూనిట్లు! రోగికి చెమటలు పట్టి, స్పృహ తప్పి, ప్రాణం మీదికొస్తుంది. క్లాసులో బోర్డు మీద చెప్తే ఇది బుర్రకెక్కదు. వయల్, సిరంజి రెండూ పిల్ల చేతికిచ్చి, లేబుల్ గట్టిగా చదివించి, మందు లాగించి, సూది పొడవకముందే గీత మీరు చూడాలి.

పొటాషియం క్లోరైడ్ యాంపూల్ మాత్రం స్టూడెంట్‌కు ఒంటరిగా ఇవ్వొద్దు. నేరుగా నరంలోకి పుష్ చేస్తే గుండె ఆగిపోతుంది. వేలాడుతున్న సెలైన్ బాటిల్లో కలిపి తిరగేయకుండా వదిలేస్తే మందంతా అడుగునే ఉండి, ముందు అదే చిక్కగా ఎక్కుతుంది.

ఇక టీపీఆర్ చార్టులు, అంటే జ్వరం, నాడి, శ్వాస రాసే కాగితాలు. వార్డు మొత్తానికీ శ్వాస 20 అని రాసుంటే ఎవరూ లెక్కపెట్టలేదనే అర్థం. రోగి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు ముందు మారేది శ్వాసే. నాడి చూశాక చెయ్యి వదలకుండా, రోగికి తెలియకుండా, నిండా ఒక నిమిషం ఛాతీ చూస్తూ లెక్కపెట్టమనండి. అదే మంచం దగ్గర మీరూ లెక్కపెట్టి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఇంకోసారి ఊహించి రాయదు.

కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) వేయించేటప్పుడు రోగిని ముందు అడగాలి. "పెద్దమ్మా, ఈ పాప నర్సింగ్ చదువుతుంది. నేను పక్కనే ఉంటా. వేయించుకుంటావా?" అంటే చాలామంది సరేనంటారు. వద్దంటే వద్దంతే. ఒక్కసారి నరం తప్పితే మీరు అందుకోవాలి, రెండోసారి ఆ పిల్లతోనే గుచ్చించొద్దు. రోగి ముందు తిట్టడం అసలు కూడదు. చేతులు వణికే పిల్ల తిట్టుకు ఇంకా వణుకుతుంది, రోగికి భయం పట్టుకుంటుంది. తప్పేదో ట్రే దగ్గరికొచ్చాక చెప్పండి. సూదికి రెండు చేతులతో మూత పెట్టబోతే మాత్రం అక్కడికక్కడే ఆపండి, అది పిల్ల ప్రాణానికి సంబంధించింది. వాడిన సూది నేరుగా సూదులు కత్తిరించే హబ్ కట్టర్‌కే పోవాలి.

వరి పొలాలున్న జిల్లాలు మనవి, పాము కాట్ల కేసులు వస్తూనే ఉంటాయి. రక్తం గడ్డకడుతుందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్ష స్టూడెంట్‌కు అప్పగించదగ్గ పని. సిరనుంచి అప్పుడే తీసిన 2 మిల్లీలీటర్ల రక్తం, శుభ్రమైన పొడి గాజు టెస్ట్‌ట్యూబులో వేయాలి. ప్లాస్టిక్‌ది పనికిరాదు, సబ్బుతో కడిగిన గాజుదీ పనికిరాదు. రెండిట్లోనూ మంచి రక్తం కూడా గడ్డకట్టనట్టు కనిపించొచ్చు. టైము రాసుకుని కదపకుండా ఉంచి, 20 నిమిషాలకు ఒక్కసారే వంచాలి. ఇంకా నీళ్లలా కారితే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే, వెంటనే డాక్టరుకు చెప్పాలి. మధ్యలో నాలుగుసార్లు వంచి చూస్తే పరీక్ష చెడినట్టే. క్యాజువాలిటీలో ఆ ఇరవై నిమిషాలు ట్యూబు దగ్గరే నిలబడే తీరిక స్టాఫ్‌కు ఉండదు, స్టూడెంట్‌కు ఉంటుంది. ఆ ఫలితం తనే వెళ్లి డాక్టరుకు చెప్పనివ్వండి.

కాలేజీ ప్రిన్సిపాళ్లకూ ఒక మనవి. ఏ పిల్ల ఏ పని చూసిందో, ఏది పక్కన మనిషుంటే చేయగలదో రాసిన కాగితం పోస్టింగ్ మొదటి రోజే హెడ్ నర్సుకు పంపండి. అది చేతిలో లేక, మూడో సంవత్సరం పిల్లకూ మొదటి సంవత్సరం పిల్లకూ వార్డులో ఒకే పని దొరుకుతోంది.