బోర్డు మీద ‘మాట్లాడినవారి’ పేర్లు ఇంకా ఎందుకు?

సార్ స్టాఫ్ రూమ్ నుంచి వచ్చేలోపు క్లాస్ లీడర్ బోర్డు మూలన ‘మాట్లాడినవారు’ అని రాసి కింద పేర్లు ఎక్కిస్తాడు. మళ్లీ నోరు తెరిస్తే పేరు పక్కన ఒక ఇంటూ. మన హైస్కూళ్లలో తరాలుగా నడుస్తున్న పద్ధతి ఇది. తరగతిని ఇంతగా చెడగొట్టే అలవాటు మరొకటి లేదు.

లీడర్ స్నేహితుల పేర్లు బోర్డెక్కవు. నిన్న అతనితో గొడవపడిన వాడి పేరు మాత్రం తప్పకుండా ఎక్కుతుంది. టీచర్ తాను చూడని తప్పుకు గోడకుర్చీ వేయిస్తారు. ‘నేను మాట్లాడలేదు సార్’ అంటే ఎదురు చెప్పినందుకు ఇంకో దెబ్బ. ఆ పిల్లవాడు ఇక ఆ సార్‌కు ఏదీ చెప్పుకోడు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపులనూ నిషేధించింది. అయినా దెబ్బలు తగ్గిన చోట కూడా బోర్డు మీది పేర్లు చెరగలేదు.

అసలు పిల్లలు మాట్లాడేది చేయడానికి పని లేక. అమెరికా మనస్తత్వవేత్త జేకబ్ కూనిన్ తరగతి గదుల వీడియోలను పరిశీలించి 1970లో ఫలితాలు ప్రచురించారు. అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలించారన్న దాంతో పెద్ద తేడా కనిపించలేదు. గది మొత్తాన్ని గమనిస్తూ, ఒక పనికీ మరో పనికీ మధ్య ఖాళీ రాకుండా నడిపిన వారి తరగతుల్లోనే అల్లరి తక్కువగా ఉంది. మన దగ్గర 45 నిమిషాల పీరియడ్‌లో హాజరు పిలవడం, నోట్సులు పంచడం అయ్యేసరికే పది నిమిషాలు గడిచిపోతాయి. గోల మొదలయ్యేది అక్కడే.

లీడర్‌నూ సుద్దముక్కనూ అలాగే ఉంచి పని మార్చండి. ముందురోజే లీడర్‌కు మూడు ప్రశ్నల చీటీ ఇవ్వాలి. రెండు నిన్నటి పాఠం నుంచి, ఒకటి చదువులో వెనకబడిన వారూ రాయగలిగేది. బెల్ కొట్టగానే అవి బోర్డెక్కాలి, అందరూ రఫ్ నోట్సులో రాయాలి. ఆ ఐదు నిమిషాల్లో టీచర్ పేర్లు పిలవకుండా ఖాళీ సీట్లు చూసి హాజరు వేసుకోవచ్చు. లీడర్ వారానికొకరు, హాజరు నంబర్ల వరుసలో మారాలి. బాగా చదివేవారికే కాక అందరికీ ఆ వంతు రావాలి.

ఈ పద్ధతి సాధారణంగా దెబ్బతినేది దిద్దకపోవడం వల్ల. రాసింది ఎవరూ చూడరని తెలిస్తే వారం తిరక్కముందే పెన్నులు మూతపడతాయి. యాభై నోట్సులు రోజూ దిద్దడం ఎవరి వల్లా కాదు. రోజుకు ఐదు చాలు, పది పనిదినాల్లో అందరివీ పూర్తవుతాయి. చూసిన ప్రతి నోట్సు గురించీ ఆ పిల్లకు ఒక్క మాట చెప్పాలి: ‘లెక్క సరిగ్గానే ఎత్తుకున్నావమ్మా, మూడో మెట్టులో గుర్తు మారింది.’ పిల్లలకు టీచర్ మీద గురి కుదిరేది ఇలాంటి మాటలతోనే. వార్షికోత్సవ ప్రసంగాలతో కుదరదు.

ప్రశ్న ముందు అడిగి, మూడు సెకన్లు ఆగి, ఆ తర్వాతే పేరు పిలవాలి. పేరు ముందే పిలిస్తే మిగతావారికి ఆలోచించే పని తప్పుతుంది. అప్పటికీ ఎవరైనా కబుర్లలో ఉంటే పాఠం ఆపకుండా నడిచి వెళ్లి ఆ బెంచీ పక్కన నిలబడి, రాయాల్సిన చోట వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది. మందలించాల్సి వస్తే బెల్ అయ్యాక, విడిగా. అందరి ముందు ఇంటిపేరో ఊరిపేరో పెట్టి వెక్కిరిస్తే ఆ గాయం పదో తరగతి దాటినా మానదు.

రెండు సెక్షన్లు కలిపి డెబ్బై మందిని కూర్చోబెట్టిన గదిలో బెంచీల మధ్య నడిచే దారే ఉండదు. ఆ లోటు టీచర్ నైపుణ్యంతో తీరేది కాదు. పోస్టులు భర్తీ చేసి, గదులు కట్టించాల్సింది ప్రభుత్వమే.

ఇంటికి చేసే ఫోన్ మాత్రం ఎక్కడైనా సాధ్యమే. బడి తెరిచిన మొదటి నెలలోనే, ఏ ఫిర్యాదూ లేనప్పుడే చేయాలి. కూలికి వెళ్లే తల్లిదండ్రులైతే రాత్రి ఏడు తర్వాత దొరుకుతారు. పిల్లవాడు బాగా చేసిన పని ఒకటి చెప్పి, ఇంట్లో చదువుకోవడానికి వీలుందా అని అడిగితే చాలు, రెండు నిమిషాల పని.