రాజీ కుదిరింది సరే, కాగితం నిలబడుతుందా?

“ఉత్తరపు భాగం పెద్దవాడికి, దక్షిణపు భాగం చిన్నవాడికి, దారి ఇద్దరికీ ఉమ్మడి.” అన్నదమ్ముల భూమి దావాల్లో దాఖలయ్యే రాజీ మెమోల్లో ఈ తరహా వాక్యం తరచూ కనిపిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఎక్కడి నుంచి కొలిస్తే ఉత్తరపు భాగం? దారి వెడల్పు ఎంత? 12 అడుగుల దారి 330 అడుగుల పొడవున పోతే 3,960 చదరపు అడుగులు, అంటే 440 గజాలు. తొమ్మిది సెంట్ల పైచిలుకు. తెలంగాణ లెక్కలో మూడున్నర గుంటలు దాటుతుంది. ఆ నేల ఎవరి వాటాలోంచి పోవాలో మెమోలో ఉండదు. మరుసటి దుక్కికి ట్రాక్టరు వచ్చేసరికి గట్టు దగ్గర గొడవ మళ్ళీ మొదలు. అప్పుడు ఈపీ (డిక్రీని అమలు చేయమనే పిటిషన్) వేస్తే, డిక్రీలో, అంటే రాజీ మీద కోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, లేనిదాన్ని మేం చేర్చలేమంటుంది అమలు కోర్టు. ఆ మాట చట్టప్రకారం సరైనదే. ఇంకో దావా వేసుకోవాల్సిందే.

సివిల్ తగాదాల్లో మీడియేషన్ గురించి మన దగ్గర ఏ సదస్సు జరిగినా ఇరుపక్షాలనూ కూర్చోబెట్టడం ఎలా అన్న దగ్గరే మాటలు ఆగిపోతాయి. కూర్చోబెట్టడం అంత కష్టం కాదు. పదేళ్ళుగా వాయిదాలకు తిరిగినవాడు కాఫీ ఇచ్చినా ఇవ్వకపోయినా కూర్చుంటాడు. కుదిరిన రాజీ విరిగేది కాగితం దగ్గర: ఎవరు సంతకం పెట్టారు, ఏం రాశారు, రాసింది అమలుకు వస్తుందా అన్న మూడు చోట్ల.

ముందు పేర్ల గందరగోళం. ఆర్బిట్రేషన్‌నీ మీడియేషన్‌నీ మన పత్రికలు రెంటినీ మధ్యవర్తిత్వమనే రాస్తాయి. మొదటిదాంట్లో ఎదుట కూర్చున్నవాడు తీర్పు చెప్తాడు. రెండోదాంట్లో చెప్పడు, చెప్పకూడదు కూడా. పత్రికలనే తప్పుపట్టడానికి లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన 89వ సెక్షనే (దావాలను కోర్టు బయటి పరిష్కారానికి పంపేది ఇదే) మీడియేషన్ నిర్వచనాన్నీ, జ్యుడీషియల్ సెటిల్‌మెంట్ (జడ్జి సాయంతో కుదిరే రాజీ) నిర్వచనాన్నీ తారుమారు చేసింది. ఆఫ్కాన్స్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఆ పొరపాటును ఎత్తిచూపి, రెండు పదాల స్థానాలు మార్చి చదువుకోమంది. పార్లమెంటు 2023లో ప్రత్యేకంగా మీడియేషన్ చట్టమే చేసింది. 120 రోజుల్లో తేల్చాలి, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఇంకో 60 రోజులు అంటుందది. కానీ ఆ ఏడాది అక్టోబరు 9న అమల్లోకి తెచ్చిన సెక్షన్లలో ఎక్కువ భాగం మీడియేషన్ కౌన్సిల్ ఏర్పాటుకు సంబంధించినవి. నడుస్తున్న దావాలో మాత్రం ఆధారం 89వ సెక్షనూ, రాజీని డిక్రీగా మార్చే ఆర్డర్ 23 రూల్ 3.

కేసును మీడియేషన్‌కి ఎప్పుడు పంపాలన్నది అసలు కిటుకు. వాది ప్లెయింటు, ప్రతివాది జవాబు దావా అందాక, ఇష్యూలు (తేల్చాల్సిన అంశాలు) కట్టే ముందు పంపాలన్నది సాధారణ పద్ధతి. కుటుంబ వివాదాల్లో మాత్రం జవాబు దాఖలయ్యే ముందే పంపడం మేలని ఆఫ్కాన్స్ తీర్పే చెప్పింది. కోర్టు కాగితాల్లో ఒకరి మీద ఒకరు రాసుకున్న నిందలు చదివాక మనుషులు బిగుసుకుపోతారు. నా లెక్కన పాలుపంపకాల దావాలకూ ఇదే సూత్రం పెట్టాలి. జవాబు దావాకు 30 రోజులు, పొడిగిస్తే 90 రోజుల గడువు ఉంటుంది. ఆ వ్యవధిలో “మా నాన్న తాగుబోతు, ఆస్తంతా నా కష్టార్జితం” అని ఎవరో ఒకరు రాయనే రాస్తారు. కోర్టు రికార్డులో చేరిన ఆ మాటను మీడియేటరు చెరపలేడు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంజంక్షన్, అంటే ఎదుటివాణ్ణి పొలం జోలికి రాకుండా ఆపే ఉత్తర్వు. దావాతోపాటే వేసే ఐఏ (మధ్యంతర దరఖాస్తు)లో తాత్కాలిక ఉత్తర్వు చేతికొచ్చినవాడికి రాజీ అవసరం తీరిపోతుంది. పొలం తన ఆధీనంలో ఉంది, పంట వస్తోంది, ఎదుటివాడు ఎన్నేళ్ళు తిరిగితే తనకేం? అందుకే ఐఏ విచారణకు ఉన్నప్పుడే, ఉత్తర్వు ఏ పక్కకూ మొగ్గకముందే మీడియేషన్‌కి పంపితే ఫలితం ఉంటుంది. ఆచరణలో సాక్షుల విచారణ సగంలో ఉండగానో, లోక్ అదాలత్ తేదీ దగ్గరపడ్డాకనో “మీడియేషన్‌కి పంపాం” అని డాకెట్‌లో ఒక వరుస పడుతుంది. పార్టీలు ఓసారి వెళ్తారు, “కుదరలేదు” అన్న నివేదిక తిరిగొస్తుంది.

కుదిరే చోట అది నడిచే తీరు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కనీసం 40 గంటల శిక్షణ పొందిన మీడియేటరు మొదట అందరినీ కలిపి కూర్చోబెడతాడు, తర్వాత ఒక్కో పక్షంతో విడిగా మాట్లాడతాడు. విడిగా చెప్పింది వాళ్ళ అనుమతి లేకుండా అవతలివాళ్ళకు చెప్పడు. జడ్జికి వెళ్ళేది కుదిరిందా లేదా అన్న ముక్కే. “నాకు మూడెకరాలు చాలు” అని అక్కడ నోరు జారినా, రేపు బోనులో నిలబెట్టి దాన్ని అడగడానికి వీల్లేదు. ఈ సంగతి కక్షిదారుకు ముందే చెప్పే వకీళ్ళు తక్కువ. చెప్పనివాళ్ళ కక్షిదారులు అక్కడా ప్లెయింటులో రాసిందే అప్పజెప్తారు.

ఇక సంతకాలు. పాలుపంపకాల రాజీల్లో ఎక్కువగా ఇబ్బంది తెచ్చేది ఆడపిల్లలను వదిలేయడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన వాటా వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు తప్ప. ఆ మినహాయింపు 2005 కేంద్ర సవరణతో పోయింది. నాన్న 2005 నాటికి బతికి ఉన్నాడా లేడా అన్న మీమాంస కూడా 2020 ఆగస్టు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో కూతుళ్ళ పక్షాన ముగిసింది. అయినా ఇప్పటికీ ఇద్దరన్నదమ్ములు దావా వేసుకుని, ఇద్దరే రాజీపడి, “అక్కాచెల్లెళ్ళకు పెళ్ళిళ్ళప్పుడే ఇచ్చేశాం” అని సరిపెట్టుకుంటారు. దావాలో పార్టీలే కాని అక్కాచెల్లెళ్ళను ఆ డిక్రీ కట్టిపడేయదు. వాళ్ళలో ఒకరు దావా వేసిన రోజున మొత్తం లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. వాటా వద్దనుకున్న చెల్లెలిని కూడా పార్టీగా చేర్చి, ఎందుకు వద్దనుకుంటోందో, బదులుగా ఏం తీసుకుందో ఆమె సంతకంతో మెమోలో రాయించాలి.

మైనర్ల సంగతి మరోటి. మైనరు తరఫున రాజీ పడాలంటే ఆర్డర్ 32 రూల్ 7 కింద కోర్టు అనుమతి ముందు తీసుకోవాలి, ఆ అనుమతి రికార్డులో స్పష్టంగా కనిపించాలి. లేకపోతే ఆ పిల్లవాడు పెద్దయ్యాక రాజీని కాదనవచ్చు.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న అన్నగారి సంతకం జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద నడుస్తుంది. ఆ కాగితాన్ని ఒకసారి చదవండి. “కోర్టులో వ్యాజ్యం నడిపే అధికారం” ఉంటుంది. “రాజీపడే అధికారం” అన్న ముక్క ఉండదు. అదొక్కటీ లేకపోతే రాజీ మీద తర్వాత ఎవరైనా వేలు పెట్టవచ్చు. విదేశంలో రాసిన జీపీఏ మన దేశానికి చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు కట్టించాలి. వాయిదా ముందురోజు అది గుర్తుకొచ్చి పరుగులు తీయడం మామూలే.

రాయాల్సినదాంట్లో మొదటిది హద్దులు. సర్వే నంబరు, సబ్ డివిజన్, ఎకరాలు సెంట్లలోనో గుంటల్లోనో విస్తీర్ణం, నాలుగు హద్దులు, కొలతలు వేసిన ప్లాను. ప్లాను మీద కూడా అందరి సంతకాలు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. రీసర్వేకు ముందు వేసిన దావా షెడ్యూలులో (ఆస్తి జాబితాలో) పాత నంబరే ఉంటుంది. రాజీ డిక్రీలో రెండూ రాయకపోతే తహసీల్దారు కార్యాలయంలో మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) దగ్గర ఆగుతుంది. తెలంగాణలో ధరణి పోయి భూభారతి వచ్చినా, రికార్డులోని విస్తీర్ణానికీ డిక్రీలోని విస్తీర్ణానికీ తేడా ఉంటే ఇబ్బంది ఇబ్బందే. కొలత అనుమానంగా ఉంటే రాజీకి ముందే కోర్టు చేత అడ్వకేట్ కమిషనరును వేయించి, సర్వేయరుతో కొలిపించుకోవడం చవక.

దావా షెడ్యూల్లో లేని ఊళ్ళోని ఇంటిని కూడా “పనిలో పని” అని రాజీలో కలిపేస్తుంటారు. కలపవచ్చు. కానీ దావా ఆస్తి వరకైతే రాజీ డిక్రీకి సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బయటి స్థిరాస్తి చేరితే అక్కడి వరకు రిజిస్ట్రేషన్ కావాలి. లేకుంటే ఆ ఇంటి విషయంలో ఆ డిక్రీ పనికిరాదు. పంపకపు తుది డిక్రీని స్టాంపు కాగితాల మీదకు ఎక్కించుకోవడం ఇంకో మెట్టు. డ్యూటీ ఎవరు కట్టాలో రాజీలో రాయకపోవడం వల్ల డిక్రీ వచ్చి కూడా ఏళ్ళ తరబడి స్టాంపు కాగితం మీదకు ఎక్కని కేసులున్నాయి.

కోర్టు గుమ్మం ఎక్కకముందు పెద్దమనుషుల దగ్గర రాసుకునే పంపకపు కాగితాలు, పారీఖత్తులదీ ఇదే కథ. గతంలో నోటిమాటగా జరిగిపోయిన పంపకాన్ని జ్ఞాపకం కోసం రాసుకున్న జాబితాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. “ఈ రోజు ఈ విధముగా పంచుకొనుచున్నాము” అని రాస్తే కావాలి. ఒక క్రియాపదం తేడా. రాసే కరణంగారికో, దస్తావేజు లేఖరికో అది తెలియకపోతే కాగితం కోర్టులో సాక్ష్యానికి నిలవదు. పైగా ఆడపిల్లల హక్కుకు అడ్డంగా నోటిమాట పంపకాన్ని చూపాలంటే, దానికి ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం ఉండాలని 2020 తీర్పు షరతు పెట్టింది.

నోటు బాకీల్లో పంచాయితీ ఇంకో రకంగా దెబ్బకొడుతుంది. ప్రోనోటు మీద దావా గడువు మూడేళ్ళు. పెద్దమనుషులు “సంక్రాంతి వెళ్ళాక చూద్దాం” అన్నా, పోలీసు స్టేషన్లో ఎస్సై పిలిచి మాట్లాడినా ఆ గడియారం ఆగదు. (సివిల్ తగాదాలో స్టేషన్‌కు పనేమిటని హైకోర్టులు ఎన్నిసార్లు అడిగినా స్టేషన్ పంచాయితీలు ఆగలేదు.) గడువు లోపల బాకీదారు కొంత సొమ్ము కట్టి నోటు వెనక తన చేత్తో చెల్లు రాసినా, బాకీ ఉన్నానని సంతకంతో కాగితం ఇచ్చినా అక్కడి నుంచి కొత్తగా మూడేళ్ళు. పంచాయితీకి కూర్చునే ముందు అడగాల్సింది అదే.

లోక్ అదాలత్‌ను మీడియేషన్‌తో కలిపి చూడకూడదు. దాని అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, దావాలో కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. ఇంకా దావా వేయని తగాదాను కూడా అక్కడికి తీసుకెళ్ళొచ్చు. ప్రమాద నష్టపరిహారాలకూ, బ్యాంకు బాకీలకూ ఇంతకంటే మంచి దారి లేదు. కానీ వందల కేసులు ఒకే రోజున పెట్టుకునే చోట నలుగురు దాయాదుల పొలాన్ని పంచకూడదు. మోసంతో తీసుకున్న అవార్డు అని తర్వాత గగ్గోలు పెట్టినా మామూలు దావా వేయడానికి వీల్లేదని, హైకోర్టులో రిట్ ఒక్కటే దారని భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మన ప్రాంతం నుంచి వెళ్ళిందే.

అన్నీ రాజీకి పనికిరావు కూడా. ఫోర్జరీ, మోసం గురించి నిర్దిష్టమైన ఆరోపణలు, దేవుడి మాన్యాలు, ప్రభుత్వం మీద హక్కు నిర్ధారణ దావాలు కోర్టే తేల్చాలని ఆఫ్కాన్స్ తీర్పు పక్కన పెట్టింది. తీర్పే కావాలని కోరుకునేవాళ్ళూ ఉంటారు. కృష్ణా జలాల మీద 2021 ఆగస్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ రెండు తెలుగు రాష్ట్రాలకూ మీడియేషన్ సూచిస్తే ఆంధ్రప్రదేశ్ విచారణే కోరింది.

చివరి చిక్కు డబ్బు. రాజీ డిక్రీ ప్రకారం తమ్ముడు అన్నకు నాలుగు వాయిదాల్లో ఎనిమిది లక్షలు ఇవ్వాలనుకుందాం. రెండు వాయిదాలు ఊళ్ళో, ఇంటి అరుగు మీద, నగదుగా ఇచ్చాడు. రసీదు అడగడానికి మొహమాటం. అన్న ఈపీ వేశాడు, మొత్తం ఎనిమిది లక్షలకు. కోర్టు బయట జరిగిన చెల్లింపు రికార్డు కాకపోతే అమలు కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆర్డర్ 21 రూల్ 2 చెప్పేది అదే. రికార్డు చేయమని అడగడానికి కట్టినవాడికి ఉన్న గడువు 30 రోజులు. అందుకే రాజీలోనే అన్నగారి బ్యాంకు ఖాతా నంబరు, ప్రతి వాయిదా తేదీ, ఒక వాయిదా తప్పితే ఏమవుతుందో, సొమ్ము పూర్తిగా అందాక ఎన్ని రోజుల్లో పొలం స్వాధీనం చేయాలో రాస్తారు. “స్వాధీనం చేయవలెను, చేయనిచో కోర్టు ద్వారా పొందవచ్చును” అన్న వాక్యం లేకపోతే, డబ్బంతా కట్టిన తమ్ముడు పొలం కోసం మళ్ళీ ప్లెయింటు రాయించుకోవాలి.