సవరణ: బూట్లు, హెల్మెట్ ఎవరివ్వాలి?

చీమకుర్తి గ్రానైట్ క్వారీల గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి, క్షమించండి. బూట్లు, హెల్మెట్ కూలీలే కొనుక్కోవాలని, కాంట్రాక్టు కూలీలైతే క్వారీ యజమానికి సంబంధం లేదని రాశాను. కాదు. 1952 గనుల చట్టం భద్రత భారాన్ని యజమాని, ఏజెంటు, మేనేజరు మీదే పెట్టింది. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ (2020) కూడా వాళ్ల మీదే పెట్టింది. మధ్యలో మేస్త్రీ ఉన్నంత మాత్రాన ఆ భారం వాళ్ల మీంచి తొలగిపోదు. 1961 నాటి లోహ గనుల నిబంధనల (పేరు అలా ఉన్నా గ్రానైట్ క్వారీలకూ వర్తిస్తాయి) ప్రకారం బూట్లు, హెల్మెట్ ఉచితంగానే ఇవ్వాలి. కూలిలో కోస్తున్నారా, అడగండి!

రెండోది, భద్రత మీద ఫిర్యాదు రాష్ట్ర గనుల శాఖకు ఇమ్మన్నాను. ఆ శాఖ చూసేది లీజులు, సీనరేజీ (తీసిన రాయి మీద ప్రభుత్వానికి కట్టే రుసుము). భద్రత చూసేది కేంద్రం కింది గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్. వాళ్ల ప్రధాన కార్యాలయం ఉన్న ధన్‌బాద్ దాకా పోనక్కర్లేదు, నెల్లూరులోనే వాళ్ల ప్రాంతీయ కార్యాలయం ఉంది.